ఉరుము ఉరిమి మంగలం మీద: కంపైలరు మాటలు చదవడం గురించి

సాఫ్టువేరు వాళ్ళం నలుగురం ఒకచోట చేరితే మాటలకు కొదవుండదు. క్లౌడు గురించి, కృత్రిమ మేధ గురించి, ఇంటి లోను వడ్డీ గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. కంపైలు ఎర్రరు గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. అది కాలేజీ పిల్లల సమస్య అనీ, పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు మాట్లాడుకోవాల్సిన విషయం కాదనీ మనకో నమ్మకం. సెమికోలను మర్చిపోయాం, పెట్టేశాం, అయిపోయింది. అంతేగా?

అంతే కాదని నా అభిప్రాయం. ముఖ్యంగా ఎంబెడెడ్ సీ రాసేవాళ్ళ విషయంలో.

ఈ వ్యాసంలో నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. కంపైలరు అబద్ధం చెప్పదు. కానీ తప్పు ఎక్కడ జరిగిందో కూడా అది చెప్పదు, తాను ఎక్కడికొచ్చి ఆగిపోయిందో మాత్రమే చెబుతుంది. ఈ రెంటికీ ఉన్న తేడా పట్టుకోలేనివాడు కొన్నాళ్ళకి తప్పు దిద్దడం మానేసి కంపైలరు నోరు నొక్కడం నేర్చుకుంటాడు. వెబ్ పేజీలో అయితే దాని ఫలితం ఏ బటనో పనిచెయ్యకపోవడం. గోడకి బిగించిన మీటర్లోనో, కారు బ్రేకుల పక్కనున్న చిన్న చిప్పులోనో అయితే లెక్క వేరు.

నేనుండే ద పాండ్స్, సిడ్నీ నగరానికి వాయవ్యంగా, బ్లాక్‌టౌన్ కౌన్సిలు పరిధిలో ఉంటుంది. పొద్దున్నే దగ్గర్లోని టాలవాంగ్ స్టేషనుకి వెళ్ళి రైలెక్కేవాళ్ళలో మనవాళ్ళు బాగానే కనిపిస్తారు. 2019 మే 26న మొదలైన ఆ మెట్రో రైల్లో డ్రైవరుండడు. 2024 ఆగస్టు 19న అది సిడ్నీ నడిబొడ్డు దాటి సిడెన్‌హామ్ దాకా పెరిగింది. దాని ప్రోగ్రాములు ఏ భాషలో రాశారన్నది ఇక్కడ అప్రస్తుతం. తెర మీద కనబడని, మనం మీట నొక్కి ఆపలేని ప్రోగ్రాముల మీద మన రోజు గడుస్తోందని గుర్తుచెయ్యడానికే ఈ మాట.

వెళ్ళి, వచ్చి, చూసి

ముందుగా, తప్పు ఒకచోట ఉంటే కంపైలరు ఇంకోచోట ఎందుకు వేలు చూపిస్తుందో చూద్దాం. దీనికి కంప్యూటరు సైన్సు పుస్తకం అక్కర్లేదు, తెలుగు వ్యాకరణం చాలు.

ఎవరైనా మీతో "నేను నిన్న బజారుకి వెళ్ళి" అని అన్నారనుకోండి. మీరు అయోమయపడరు, మిగతా మాట కోసం ఎదురుచూస్తారు. "వెళ్ళి" అసమాపక క్రియ. వాక్యం ఇంకా పూర్తి కాలేదని దాని అర్థం. తరవాత "మా అన్నయ్య" అన్నా మీకు అనుమానం రాదు. "మా అన్నయ్యకి చొక్కా కొన్నాను" అని వాక్యం ముగియొచ్చు కదా. "మా అన్నయ్య ఫోను చేశాడు" అన్నప్పుడు గానీ ఏదో తేడాగా ఉందని మీకు తట్టదు. మాట్లాడిన మనిషి "వెళ్ళాను" అనబోయి "వెళ్ళి" అన్నాడు. తప్పు అక్కడ జరిగింది. మీరు ఆగిపోయింది మాత్రం "ఫోను చేశాడు" దగ్గర. ఎక్కడ తేడా వచ్చిందని ఎవరైనా అడిగితే మీ వేలు ఆ ఫోను వైపే చూపిస్తుంది. పాపం, ఫోను ఏ తప్పూ చెయ్యలేదు.

సీ భాషలో సెమికోలను సమాపక క్రియ లాంటిది. అది లేకపోతే వాక్యం ఇంకా నడుస్తోందనే కంపైలరు అనుకుంటుంది. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, ఒక్కో మాటా తీసుకుంటూ పోతుంది. ఇంతవరకూ చదివిన దాన్ని ఏదో ఒక రకంగా సరైన వాక్యంగా ముగించే అవకాశం ఉన్నంతసేపూ దానికి ఏ అభ్యంతరమూ లేదు. ఆ అవకాశం పూర్తిగా మూసుకుపోయిన మాట దగ్గర ఆగి, ఆ మాట మీద వేలు పెడుతుంది. అందుకే అసలు తప్పు ఎప్పుడూ ఆ వేలు చూపించే చోటో, అంతకు ముందో ఉంటుంది. తరవాత ఉండదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం ఎర్రర్లు లొంగిపోతాయి.

సామెత చెప్పినట్టు ఉరుము ఉరిమి మంగలం మీద పడుతుంది. మంగలాన్ని తోమితే ఉరుములు ఆగవు.

ఒక ఫైలు తప్పు, ఇంకో ఫైలు మీద

ఈ ముందు అన్నది ఎంత దూరంలోనైనా ఉండొచ్చు. ఎంబెడెడ్ వాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉదాహరణ ఇది. ఎల్ఈడీని సిద్ధం చేసే ఫంక్షను ప్రోటోటైపుని మన హెడరు ఫైల్లో చివరి లైనుగా రాశాం, సెమికోలను మర్చిపోయాం. ప్రోగ్రాములో ఆ హెడరు తరవాత చిప్పు తయారుచేసిన కంపెనీ హెడరు ఉంది. కంపైలు చేస్తే మన ఫైలు గురించి ఒక్క ముక్కా రాదు. కంపెనీ హెడర్లోనో, ఏకంగా కంపైలరు సొంత హెడర్లోనో వందలకొద్దీ ఎర్రర్లు వస్తాయి. జీసీసీ అయితే "పెరామీటరుకి స్టోరేజి క్లాసు ఇచ్చారు" అంటుంది. ఆ హెడర్లో పెరామీటర్లే లేవు, అన్నీ టైప్‌డెఫ్‌లే. చూసినవాడికి కంపైలరు పాడైందనో, కంపెనీవాళ్ళు చెత్త హెడరు ఇచ్చారనో అనిపిస్తుంది.

దీని వెనక చిన్న చరిత్ర ఉంది. 1978లో కెర్నిగన్, రిచీలు సీ పుస్తకం రాసిన కాలంలో ఫంక్షను పెరామీటర్ల టైపుల్ని బ్రాకెట్లలో రాసేవాళ్ళు కాదు. బ్రాకెట్టు మూసేశాక, పువ్వు బ్రాకెట్టు తెరిచే లోపల, విడివిడి లైన్లలో రాసేవాళ్ళు. 1989 నాటి ప్రమాణం ఆ పద్ధతిని పాతదని చెప్పింది గానీ తీసెయ్యలేదు. కంపైలర్లు దాన్ని మోస్తూనే వచ్చాయి. కాబట్టి సెమికోలను లేని మన ప్రోటోటైపుని చూసి కంపైలరు "ఓహో, ఇది పాతకాలపు ఫంక్షను, ఇక పెరామీటర్లు వస్తాయి" అనుకుంటుంది. ఆ వెనక వచ్చిన ప్రతి టైప్‌డెఫ్‌నీ పెరామీటరుగా లెక్క వేసుకుంటుంది. సీ వ్యాకరణంలో టైప్‌డెఫ్ కూడా స్టోరేజి క్లాసు జాబితాలోదే. దాని లెక్కలో అది చెప్పిన ప్రతి మాటా నిజం. మొదటి అపోహ ఒక్కటే తప్పు. 2024లో అచ్చయిన సీ23 ప్రమాణం ఆ పాత పద్ధతిని ఎట్టకేలకు తొలగించింది. కానీ ఎంబెడెడ్ ప్రాజెక్టుల్లో కంపైలర్లు పదేళ్ళూ పదిహేనేళ్ళూ మారవు కాబట్టి ఈ ఎర్రరుతో మన చుట్టరికం ఇప్పట్లో తెగదు.

ఇక్కణ్ణించి నేర్చుకోవాల్సినవి రెండు. మొదటి ఎర్రరు ఒక్కటే చదవండి. తరవాతి 199 ఎర్రర్లు ఆ మొదటి అపోహకి పుట్టిన పిల్లలు. రెండోది, ఎర్రరు ఒక హెడరు మొదటి లైన్లలో వస్తే, దానికి ముందు ఇన్‌క్లూడ్ చేసిన ఫైలు చివరి లైను చూడండి.

కంపైలరు ఇచ్చే జాబితా

ఇంకో పాత మిత్రుణ్ణి పరిచయం చేస్తాను. ఈఎస్‌పీ32 చిప్పు మీద పనిచేసేవాళ్ళు ఇంటరప్టు ఫంక్షను రాసేటప్పుడు, "వాయిడ్" అనే మాటకీ ఫంక్షను పేరుకీ మధ్యలో "ఐర్యామ్ ఆట్రిబ్యూట్" అనే అర్థం వచ్చే ఒక మాక్రో తగిలిస్తారు. ఆ ఫంక్షనుని ఫ్లాషులో కాకుండా ర్యాములో ఉంచమని దాని భావం. ఆ మాక్రో ఉన్న హెడర్ని కలపడం మర్చిపోతే జీసీసీ ఏమంటుందంటే: "ఫంక్షను పేరుకి ముందు =, కామా, సెమికోలను, ఏఎస్ఎమ్, ఆట్రిబ్యూట్ వీటిలో ఏదో ఒకటి ఉండాలి."

ఇది చదివి ఒక సెమికోలను పెట్టి చూసేవాళ్ళు ఉన్నారు. జాబితాలో ఉంది కదా మరి!

ఆ జాబితాని కంపైలరు మనసులో మాటగా చదవాలి. అది "వాయిడ్" చూసింది, టైపు అని అర్థమైంది. తరవాత తనకి తెలియని మాట కనబడింది. తెలియని మాట టైపు కాలేదు కాబట్టి అదే పేరు అనుకుంది. పేరు వచ్చేసింది. ఇక రావాల్సిందేమిటి? విలువ ఇవ్వాలంటే =, ఇంకో పేరు చెప్పాలంటే కామా, ముగించాలంటే సెమికోలను, లేదా జీసీసీ సొంతంగా కలుపుకున్న ఆ రెండు మాటలూ. వీటికి బదులు మళ్ళీ ఇంకో పేరు, అంటే మన అసలు ఫంక్షను పేరు, వచ్చింది. అక్కడ ఆగింది. అంటే ఈ ఎర్రరు చెప్పకనే చెబుతున్న సంగతి: "నువ్వు మామూలు మాట అనుకుంటున్నది నాకు తెలియదు, దాన్నే నేను పేరనుకున్నాను." ఇది అర్థమైనవాడు సెమికోలను పెట్టడు, హెడరు వెతుక్కుంటాడు.

మన ఎర్రర్లలో ఎక్కువ భాగం ఇలా తెలియని పేర్ల వల్ల వచ్చేవే. 2014లో గూగులు వాళ్ళు తమ సంస్థలో తొమ్మిది నెలల్లో జరిగిన 2 కోట్ల 66 లక్షల బిల్డుల్ని పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. అవి సీ++, జావా బిల్డులు. అక్కడ కూడా అన్నిటికన్నా ఎక్కువగా కనబడ్డవి ఒక ఫైలు ఇంకోదాని మీద ఆధారపడే దగ్గర వచ్చే తప్పులే.

చిప్పు కంపెనీలు ముందే వాడేసుకున్న పేర్లు

మామూలు సీకీ, ఎంబెడెడ్ సీకీ అసలైన తేడా ఇక్కడుంది. ఎంబెడెడ్ సీలో మనం ఫైలు తెరిచేసరికే వేలకొద్దీ పేర్లు ఎవరో వాడేసుకుని ఉంటారు. చిప్పులోని ప్రతి రిజిస్టరుకీ, ప్రతి పోర్టుకీ ఒక మాక్రో ఉంటుంది. పైగా ఒక్కో కంపైలరు తన సొంత మాటలు కొన్ని భాషలో కలుపుకుంటుంది.

హైదరాబాదు అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సు చేసినవాళ్ళకీ, ఇంజనీరింగు ల్యాబులో 8051 మీద ఎల్ఈడీ వెలిగించినవాళ్ళకీ కెయిల్ సీ51 గుర్తుండే ఉంటుంది. అందులో "డేటా" అనే పేరుతో ఒక వేరియబులు పెట్టండి. సింటాక్స్ ఎర్రరు 141 వస్తుంది. ఎందుకంటే 8051లో ర్యాము రకరకాలు. లోపలి ర్యాములో పెట్టమనడానికి "డేటా", బయటి ర్యాములో అనడానికి "ఎక్స్‌డేటా", ప్రోగ్రాము మెమరీలో అనడానికి "కోడ్" అనే మాటల్ని కెయిల్ వాళ్ళు భాషలో భాగం చేశారు. ఏ సీ పుస్తకంలోనూ "డేటా" నిషిద్ధం కాదు, కాబట్టి పుస్తకం చూసేవాడికి ఎన్నటికీ అంతుపట్టదు. అలాగే ఫర్ లూపు బ్రాకెట్టులోనే "ఇంట్ ఐ" అని రాస్తే ఆ కంపైలరు ఒప్పుకోదు. అది 1990 నాటి ప్రమాణానికి కట్టుబడింది, ఆ వీలు 1999లో గానీ భాషలోకి రాలేదు. చెప్పడం మాత్రం "ఇంట్ దగ్గర సింటాక్స్ ఎర్రరు" అని పొడిగా చెబుతుంది.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాం కాబట్టి ఇంకో సంగతి. కాలేజీ ప్రాజెక్టులో పిక్ మైక్రోకంట్రోలరు వాడినవాళ్ళలో చాలామంది హైటెక్ సీ అనే కంపైలరు కూడా వాడి ఉంటారు. మన హైటెక్ సిటీకీ దానికీ సంబంధం లేదు. 1984లో క్లైడ్ స్టబ్స్ మొదలుపెట్టిన ఆ కంపెనీ ఇక్కడి క్వీన్స్‌లాండ్‌ది. 2009లో మైక్రోచిప్ కంపెనీ దాన్ని కొనేసింది. నేటి ఎక్స్‌సీ8 దాని వారసత్వమే. అంటే ఎక్కడో మన ఊళ్ళో రాత్రి రెండింటికి ప్రాజెక్టు చేస్తూ కుర్రాళ్ళు తిట్టుకున్న ఎర్రరు మెసేజీల్లో కొన్ని ఆస్ట్రేలియాలో ఎవరో కూర్చుని రాసినవి! ఎర్రరు మెసేజి వెనక ఒక మనిషి ఉన్నాడన్న సంగతి గుర్తుంటే దాన్ని కొంచెం ఓపిగ్గా చదవగలుగుతాం.

నోరు నొక్కితే ఏమవుతుంది

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. మాస్టర్సు అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరాడు. సొంత సరదాకి ఎస్‌టీఎమ్32 బోర్డు ఒకటి కొని, దానికి తేమ కొలిచే సెన్సరు తగిలించి పెరట్లో మొక్కలకి నీళ్ళు పెట్టే యంత్రం చేద్దామనుకున్నాడు. ఒక ఆదివారం బోర్డు పట్టుకుని వచ్చాడు.

"అన్నా, సెన్సరు పలకట్లేదు. మూడు రోజుల్నించీ వైర్లు మారుస్తున్నా. సోల్డరింగు కూడా రెండుసార్లు చేశా."

"కంపైలు శుభ్రంగా అవుతోందా?"

"అవుతోందన్నా. మొదట్లో ఒక పిచ్చి ఎర్రరొచ్చింది, నేను బ్రాకెట్టే పెట్టలేదు, బ్రాకెట్టు ముందు పేరుండాలంది. నెట్లో చూసి ఒక లైను పెడితే పోయింది."

ఆ ఒక్క లైనులోనే ఉంది కథంతా. అతను తన బస్సుల జాబితాని ఈనమ్‌గా రాసుకున్నాడు, అందులో మొదటి పేరు ఐ2సీ1. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ ఐ2సీ1 అన్నది చిప్పు హెడర్లో ముందే ఉన్న మాక్రో. ఆ పేరు కనబడ్డ ప్రతిచోటా దాని బదులు బ్రాకెట్టుతో మొదలయ్యే ఒక పాయింటరు వచ్చి కూర్చుంటుంది. అందుకే "బ్రాకెట్టుకి ముందు పేరుండాలి" అన్న ఎర్రరు. మనం టైపు చేసింది మనకి కనబడుతుంది, కంపైలరుకి మాక్రో విప్పిన తరవాతి పాఠమే కనబడుతుంది. ఆ ఎర్రరు కిందే "ఐ2సీ1 మాక్రో విప్పగా వచ్చింది" అని ఇంకో లైను కూడా ఉంటుంది. అది అతను చదవలేదు.

నెట్లో దొరికిన మందు ఏమిటంటే, "అన్‌డెఫ్" అని రాసి ఆ మాక్రోని చెరిపెయ్యడం. ఎర్రరు పోయింది. ఇప్పుడు ఐ2సీ1 అంటే ఈనమ్‌లో మొదటి పేరు, అంటే సున్నా. కొంచెం కిందికి పోతే అదే ఫైల్లో "ఈ హార్డువేరు ఏది?" అనే పాయింటరుకి ఐ2సీ1 అని ఇచ్చాడు. అక్కడ ఉండాల్సింది రిజిస్టర్ల చిరునామా, వెళ్ళింది సున్నా. వేరే సంఖ్య అయితే జీసీసీ కనీసం వార్నింగు ఇచ్చేది. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి అయితే ఏకంగా ఎర్రరే. కానీ సీ భాషలో విలువ సున్నా అయిన స్థిరాంకం న్యాయంగానే నల్ పాయింటరు అవుతుంది. కాబట్టి కంపైలరు నోరెత్తలేదు. ప్రోగ్రాము లేనిచోట రిజిస్టర్లు వెతుక్కుంది. కుర్రాడు వైర్లు మార్చాడు.

పేర్లకి ముందు "బస్" అని తగిలించి ఆ అన్‌డెఫ్ తీసేస్తే సెన్సరు పలికింది. ఇక్కడ పోయింది మూడు రోజులూ కాస్త సీసమూ. అదే పని ఆఫీసులో, వేల సంఖ్యలో బయటికి వెళ్ళే పరికరంలో జరిగితే?

నిజానికి సింటాక్స్ ఎర్రరు మనకి దొరికే అన్ని తప్పుల్లోకీ చవకది. ఖరీదైనవి కంపైలరు ఒప్పుకున్న తప్పులు. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరవాణి వ్యవస్థ దాదాపు 9 గంటల పాటు కుదేలైంది. 114 పెద్ద స్విచ్చుల్లోనూ ఉన్న సీ ప్రోగ్రాములో, స్విచ్ వాక్యం లోపలి ఇఫ్‌లో ఒక "బ్రేక్" ఉండకూడని చోట ఉంది. వ్యాకరణం ప్రకారం ఏ తప్పూ లేదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 7.0.6 విడుదల చెయ్యాల్సి వచ్చింది. సురక్షిత కనెక్షన్లని తనిఖీ చేసే సీ కోడులో "గోటూ ఫెయిల్" అనే లైను రెండుసార్లు పడింది. రెండోది ఇఫ్ కింద ఉన్నట్టు కనబడుతుంది గానీ దానికి ఇఫ్‌తో సంబంధం లేదు. తనిఖీ సగంలోనే ఆగిపోయేది. అదీ కంపైలరు ఒప్పుకున్నదే. 2016లో జీసీసీ 6 ఇలాంటి మోసపు ఇండెంటేషన్ని పట్టుకునే వార్నింగు చేర్చింది.

అందుకే నేననేది: ఎర్రరు వచ్చినప్పుడు "ఇది ఎలా పోతుంది?" అనే ప్రశ్న ప్రమాదకరమైనది. "ఇది నా కోడుని ఏమని అర్థం చేసుకుంది?" అన్నది సరైన ప్రశ్న.

తప్పంతా మనదేనా?

కాదు. కంపైలర్లు రాసినవాళ్ళు కూడా చాలా ఏళ్ళు ఈ సంగతి పట్టించుకోలేదు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ తయారుచేసిన యాక్ అనే పరికరంతో ఒక తరం కంపైలర్లు పుట్టాయి. అది తనంతట తాను చెప్పేది "సింటాక్స్ ఎర్రరు" అనే రెండు మాటలే. మంచి మెసేజి కావాలంటే కంపైలరు రాసేవాడు కష్టపడాలి. జీసీసీ 2006లో, 4.1 వెర్షనుతో, సీ పార్సరుని చేత్తో రాసుకుంది. 2007లో బయటికొచ్చిన క్లాంగ్, స్పష్టమైన మెసేజీల్ని తన లక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకుంది. పోటీ వల్ల అందరికీ మేలు జరిగింది. 2018 నాటి జీసీసీ 8 నుంచి, సెమికోలను పోతే తరవాతి లైను మీద కాకుండా, అది ఉండాల్సిన చోటే గుర్తు కనబడుతుంది.

2017లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 56 మంది విద్యార్థుల కళ్ళ కదలికల్ని కొలిచి చూశారు. వాళ్ళు వాడింది జావా. జనం ఎర్రరు మెసేజీలు చదవరన్న అపవాదు నిజం కాదని తేలింది. చదువుతున్నారు, కానీ ఆ మెసేజి చదవడం అసలు కోడు చదవడమంత కష్టంగా ఉంది. అంటే ఇది బద్ధకం గొడవ కాదు, చదవడం అనే విద్యకి సంబంధించినది. ఆ విద్య మనకి కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ల్యాబులో మేడమో సారో వచ్చి సెమికోలను పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

"ఇప్పుడిదంతా ఎందుకండీ, ఎర్రరు కాపీ చేసి కృత్రిమ మేధకి ఇస్తే అదే చెబుతుంది" అని మీరనొచ్చు. నేనూ వాడతాను. చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది, వివరంగా కూడా చెబుతుంది. అయితే దానికి మనమిచ్చేది ఎర్రరు లైనూ, చుట్టూ పది లైన్లూ. పైన చెప్పినట్టు అసలు తప్పు ఇంకో ఫైలు చివర్లోనో, చిప్పు హెడర్లోనో ఉంటుంది. అడిగింది "ఎర్రరు పోగొట్టు" అని అయితే వచ్చే జవాబు కూడా అలాగే ఉండొచ్చు. ఆ కుర్రాడికి నెట్లో దొరికిన లైను కూడా ఎర్రరు పోగొట్టే మాట నిలబెట్టుకుంది కదా! జవాబు ఎవరిచ్చినా అది మందో, మత్తుమందో చెప్పాల్సింది మనమే.

తెలుగువాళ్ళకి ఒక ప్రత్యేక హెచ్చరిక

కళ్ళకి కనబడని తప్పు ఒకటుంది. తెలుగులో "సాఫ్ట్‌వేర్" అని టైపు చేసినప్పుడు పొల్లు నిలబడడానికి మధ్యలో ఒక కనబడని అక్షరం వాడతాం. కంప్యూటర్లో అది 3 బైట్లు. తెలుగు కీబోర్డు మార్చడం మర్చిపోయో, ఎక్కణ్ణించైనా కాపీ చేసో ఆ అక్షరం కోడులోకి దూరితే పాత జీసీసీలు "ప్రోగ్రాములో తప్పిపోయిన '\342'", తరవాత '\200', తరవాత '\214' అని మూడుసార్లు అరుస్తాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన వంకర కొటేషన్లకీ ఇదే గతి, ఆఖరి సంఖ్య మాత్రం మారుతుంది. 2020 నాటి జీసీసీ 10 నుంచి యూనికోడు పేర్లు చెల్లుతాయి కాబట్టి కొన్ని సెట్టింగుల్లో ఆ కనబడని అక్షరం పేరులో కలిసిపోగలదు కూడా. అప్పుడు అచ్చు ఒకేలా కనబడే రెండు పేర్లుంటాయి, ఒకటి ప్రకటించలేదని కంపైలరు అంటుంది. ఆ లైను చెరిపేసి చేత్తో మళ్ళీ టైపు చెయ్యడమే సులువైన మందు.

చేతనైన పద్ధతి

నేను పాటించేది, కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేదీ పెద్ద శాస్త్రమేం కాదు. మొదటి ఎర్రరు, దాని కింద ఉన్న నోటు లైన్లతో సహా పూర్తిగా చదవండి. అది చూపించిన మాట నుంచి వెనక్కి నడవండి, అవసరమైతే ముందు ఫైలు చివరి దాకా. మీరు రాసినదానికీ కంపైలరు అన్నదానికీ పొంతన కుదరకపోతే మాక్రోని అనుమానించి, ప్రీప్రాసెసరు ఫలితాన్ని తెరిచి చూడండి. జీసీసీకి మైనస్ ఇ ఇస్తే అది కనబడుతుంది. కంపైలరు కొత్తదైతే దాని మాన్యువల్లో అది భాషకి కలుపుకున్న మాటల జాబితా ఒకసారి చదవండి. వార్నింగులన్నీ తెరిచి ఉంచండి, పోగుపడనివ్వకండి. ఎర్రరు పోయాక ఒక్క నిమిషం ఆగి, ఎందుకు పోయిందో ఒక వాక్యంలో చెప్పుకోండి. చెప్పలేకపోతే అది పోలేదు, దాక్కుంది.

టీములు నడిపేవాళ్ళకి ఇంకో మనవి. కొత్తవాళ్ళు చేరిన వారంలో ఒక పూట పనిచేస్తున్న కోడు వాళ్ళ చేతికిచ్చి కావాలని పాడుచెయ్యమనండి. ఒక సెమికోలను తీసి, ఒక హెడరు తీసి, ఒక మాక్రో చివర సెమికోలను పెట్టి, కంపైలరు ఏమంటుందో ముందే ఊహించి రాయమనండి. ఊహ తప్పిన ప్రతిచోటా ఒక పాఠం ఉంటుంది. ఏ శిక్షణ సంస్థకీ ఫీజు కట్టక్కర్లేదు. వాళ్ళు ఎవరైనా "అన్నా, పిచ్చి ఎర్రరొచ్చింది" అని మీ దగ్గరికొస్తే, కీబోర్డు లాక్కుని మీరే సరిచెయ్యకండి. "అది నీ కోడుని ఏమనుకుంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా పక్కన కూర్చోండి.